సాధనలో దూకిన దూరం పోటీలో రాకపోతే: సమస్య - పరిష్కారం

తిరుపతి తారకరామ స్టేడియంలో సాయంత్రం సాధనలో తడబడకుండా అయిదున్నర మీటర్లు దూకే అమ్మాయి, పోటీ రోజున రెండు ఫౌల్స్ చేసి, మూడోసారి అయిదు మీటర్లు కూడా దాటలేకపోతుంది. చుట్టూ ఉన్నవాళ్లు వెంటనే ధైర్యం చాలలేదని తేల్చేస్తారు. లాంగ్‌జంప్ నేర్పేవారు ఆ మాట అనే ముందు టేపు తీసి రన్‌వేను, అంటే దూకేముందు పరిగెత్తే దారిని, కొలవాలని నా మనవి.

ఈ కొలతను దాటవేసేవారిని ఏటా చూస్తూనే ఉన్నాను. మామూలు బూట్లతో అడుగులు లెక్కపెట్టి, పరుగు మొదలుపెట్టే చోట గుర్తు పెట్టినవారు స్పైక్స్ (అడుగున మేకులుండే బూట్లు) వేసుకోగానే అంగ సాగి, దూకడానికి కాలు మోపాల్సిన పలకను దాటి కాలు వేసి ఫౌల్ చేస్తారు. అది మనసు చేసిన తప్పు కాదు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ ఫైనల్‌లో షూటర్ అభినవ్ బింద్రా ఏడో స్థానానికి పడిపోయారు; తాను నిలబడిన చోట నేలపలక వదులుగా ఉండిందని ఆయనకు తరవాతే తెలిసింది. 2008లో బీజింగ్‌లో స్వర్ణం గెలిచిందీ ఆయనే. కాబట్టి నేల, బూట్లు, రాత్రి నిద్ర, టిఫిన్ తిన్న వేళ, ఈ నాలుగూ సరిగా ఉన్నాయని తేలిన తరవాతే మనసు సంగతి ఆలోచించాలి. గుండె వేగంగా కొట్టుకోవడం మాత్రం లోపం కాదు, శరీరం సిద్ధమవుతోందనడానికి గుర్తు. ఆ మాటే పిల్లలకు చెప్పండి.

అన్నీ సరిగానే ఉండి కూడా జంప్ చెడుతుంటే, చివరి నిమిషంలో మనం ఇచ్చిన సలహాను అనుమానించండి. ఇది నాకు చేదు అనుభవం నేర్పిన కారణం. చంద్రగిరి వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి మొదటి జంప్ ఫౌల్ చేయగానే, నేను గ్యాలరీ నుంచి "మోకాలు పైకెత్తమ్మా" అని అరిచాను. ఆ అమ్మాయి తల ఊపింది. చివరి నాలుగు అడుగుల్లో వేగం తగ్గి, చూపు కిందికి దిగి, కాలు పలకకు అడుగు ముందే పడింది. తరవాత నా దగ్గరకు వచ్చి, "సార్, మోకాలు చూసుకుంటానే పరిగెత్తినా, పలక వచ్చిందే తెలీలేదు" అంది. ఆ రోజు ఆమె పతకం పోగొట్టింది నేనే.

వేలసార్లు చేసి ఒంటికి పట్టిన కదలికను, మనం ఒక్కొక్క భాగంగా గమనించడం మొదలుపెట్టగానే, అది అతుకు విడిపోయినట్లు ముక్కలవుతుంది. భయం ఎక్కువైనప్పుడు క్రీడాకారులు తమంతట తామే ఆ పని చేస్తారు. కోచ్‌గానీ తండ్రిగానీ పక్కనుంచి ఒక మాట అందిస్తే ఆ పని మరింత త్వరగా జరుగుతుంది. దృష్టిని శరీరభాగం మీద కాక బయట సాధించవలసిన ఫలితం మీద నిలిపితే కదలిక మెరుగవుతుందని 1990ల నుంచి శరీర కదలికల పరిశోధకురాలు గాబ్రియెలె వుల్ఫ్ చేసిన ప్రయోగాలు చూపాయి.

అందుకే పోటీకి వారం ముందు నుంచి నేను కొత్త దిద్దుబాట్లు ఆపేస్తాను. మైదానంలో "ఇసుక అవతలి అంచు చూడు" అన్న ఒక్క మాటే చెబుతాను. ఊపిరి వదలడం, అంచు చూడడం, పరుగు అందుకోవడం, ఈ వరుసను సాధనలోనూ ప్రతి జంప్‌కూ పాటింపజేస్తాను. వారానికొకసారి, మిగతా పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టి, మూడే అవకాశాలిచ్చి, ప్రతి దూరాన్నీ గట్టిగా చదివిస్తాను. నలుగురి కళ్లు తనమీదే ఉన్నప్పుడు కూడా చూపు ఇసుక మీద నిలపడం అక్కడే అలవాటవుతుంది. తల్లిదండ్రులను మాత్రం రన్‌వేకు దూరంగా కూర్చోబెట్టండి. వారి ప్రేమను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, కానీ రెండో జంప్‌కు ముందు వారు చెప్పే ప్రతి జాగ్రత్తా బిడ్డ చూపును పాదాల మీదికి దించుతుంది.

అచ్చిరాని జెర్సీ, దిష్టి వంటివాటి మీద సమయం వృథా చేయకండి. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ జట్టు ఫైనల్ మధ్యలో తప్పుకున్నప్పుడు చెప్పినట్లు, గాలిలో తన శరీరం ఎటు తిరుగుతోందో తెలియడం లేదని పిల్లలు చెప్పడం చాలా అరుదు. అలా చెబితే ఆ రోజుకు జంప్ చేయించకుండా క్రీడా మనస్తత్వ నిపుణుల దగ్గరకు తీసుకువెళ్లండి.