కీప్యాడ్ ఫోన్: కొట్లో చూసుకోవాల్సినవి, ఇంటికొచ్చాక సర్దుకోవాల్సినవి

బటన్ల ఫోన్ కొనేటప్పుడు కెమెరా, పాటల సంగతి తర్వాత. ముందు అది 2జీనా, 4జీనా అని పెట్టె మీద చూడండి. జియోకి 2జీ నెట్‌వర్కే లేదు కాబట్టి ఆ సిమ్ 2జీ ఫోన్లో వేస్తే సిగ్నల్ రాదు. జియో సొంత ఫోన్లలోనేమో వేరే కంపెనీ సిమ్ పనిచేయదు. ఉదయగిరి, కనిగిరి వైపు కొండల పక్క ఊళ్లలో ఇంటి దగ్గర ఏ సిగ్నల్ అందుతుందో తెలుసుకుని, దానికి తగ్గ ఫోన్ తీసుకోవడం మేలు.

కొట్లోనే 0 నుంచి 9 దాకా, స్టార్, హాష్‌తో సహా అన్ని బటన్లూ ఒకసారి నొక్కి చూడండి. *#06# కొడితే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య, వస్తుంది. రెండు సిమ్‌ల ఫోనైతే రెండు నంబర్లు వస్తాయి. పెట్టె మీద ఉన్నదానితో సరిపోవాలి. ఫోన్ పోతే అడిగేది ఆ నంబరే, బిల్లుతో పాటు పెట్టెనూ దాచుకోండి.

చాలా ఫోన్లలో సిమ్ గాడి పెద్దది, ఇప్పుడు చేతిలో ఉండేది నానో సిమ్. సిమ్ అడాప్టర్ అనే ప్లాస్టిక్ చట్రంలో పెట్టి తోస్తే దూరుతుంది గానీ, తీసేటప్పుడు సిమ్ జారిపోయి ఖాళీ చట్రం లోపలి పిన్నులకు తగులుకుంటుంది. లాగారంటే పిన్నులు విరిగి ‘సిమ్ పెట్టండి’ అన్న మాటే మిగులుతుంది. సిమ్ వెనకవైపు, అంటే బంగారు రంగు లేని వైపు, సన్నటి టేపు అంటించి పెడితే ఆ బాధ ఉండదు.

బ్యాటరీ తీసి పెట్టినప్పుడల్లా చాలా ఫోన్లలో తేదీ, టైము చెరిగిపోతాయి. రాత్రి రెండింటికి చెరువులో గాలి ఆడించే ఏరేటర్లు చూసుకోవాలని అలారం పెట్టుకున్న రొయ్యల రైతుకు అది తెల్లారాక మోగితే ఏం లాభం? టైము సరిచేశాకే అలారం పెట్టండి. స్విచాఫ్‌లో ఉన్నా మోగుతుందో లేదో పగలే ఒకసారి పరీక్షించండి.

2 నుంచి 9 దాకా బటన్లకు స్పీడ్ డయల్ పెట్టుకోవచ్చు. ఆ బటన్ నొక్కి పట్టుకుంటే చాలు, కాల్ వెళ్తుంది. కళ్లు ఆనని పెద్దవాళ్లకు ఇంతకు మించిన సదుపాయం లేదు. బోరు మోటారు మొబైల్ స్టార్టర్ నంబరు మాత్రం అలా పెట్టొద్దు. జేబులో బటన్ అదిమితే మోటారు ఆన్ అయి కూర్చుంటుంది, బోరులో నీళ్లు లేకపోతే కాలిపోతుంది. ఏ నంబరు పెట్టినా సెట్టింగ్స్‌లో ఆటో కీప్యాడ్ లాక్ 15 లేదా 30 సెకన్లకు పెట్టుకోండి.

ఫోన్ రొయ్యల చెరువు ఉప్పునీళ్లలో పడితే ఆన్ చేసి చూడాలనే ఆత్రం వద్దు. వెంటనే బ్యాటరీ, సిమ్, మెమరీ కార్డు తీసేయండి. ఉప్పునీళ్లు ఆరినా ఉప్పు లోపలే మిగిలి బోర్డును తినేస్తుంది. అందుకే బ్యాటరీ తీసేసిన ఫోన్‌ను కాస్త మంచినీళ్లతో కడిగి, గాలి తగిలే నీడలో రెండు రోజులు ఆరబెట్టి మెకానిక్‌కు చూపించాలి. బియ్యం డబ్బాలో పూడ్చితే ఉప్పు పోదు.

చీమకుర్తి క్వారీల్లో తిరిగే ఫోన్లకు ఇంకో జబ్బు. అవతలి మాట మనకు వినిపిస్తుంది, మన మాట వాళ్లకు అందదు. అడుగున మైకు చిల్లు రాతిపొడితో మూసుకుపోయి ఉంటుంది. పిన్నీసుతో గుచ్చితే మైకే చిరుగుతుంది, పాత పళ్ల బ్రష్షు పొడిగా ఆడిస్తే చాలు.

చార్జింగ్ త్వరగా అయిపోతుంటే బ్యాటరీని బల్ల మీద పెట్టి తిప్పండి. బొంగరంలా తిరిగితే ఉబ్బినట్టే. దాన్ని మళ్లీ చార్జింగ్ పెట్టొద్దు, గుచ్చొద్దు. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీది మోడల్ నంబరు చూపించి అదే అడగండి.