ఒకే గుడ్డు: బొగ్గుతో, కెమెరాతో, ఎండతో

ఫొటోగ్రఫీని లలితకళగా చదివేవాళ్లు బొమ్మ గీయడాన్ని ఎంట్రన్స్ పరీక్షతోనే వదిలేయకూడదు. హైదరాబాద్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) లాంటి చోట ఫొటోగ్రఫీతో పాటు పెయింటింగ్, శిల్పం కూడా నేర్పుతారు. ఆ పక్క తరగతి మీకెందుకు అవసరమో తెలియాలంటే, ఒక తెల్ల కోడిగుడ్డును కిటికీ పక్కన తెల్ల చార్ట్ మీద పెట్టి మూడు రకాలుగా చేసి చూడండి.

ముందు బొగ్గు. ఏ3 కార్ట్రిడ్జ్ పేపర్ అంచున తెలుపు నుంచి నలుపు దాకా ఐదు మెట్లు వేసుకోండి. కళ్లు సగం మూసి, గుడ్డు మీద ఏ చోటు ఏ మెట్టుకు వస్తుందో చూస్తూ గీయండి. 40 నిమిషాల్లో ముగించాలి, ఆపైన వెలుగు మారిపోతుంది. చాలామంది నీడ వైపు అంచును నల్లగా పులిమేస్తారు. కానీ చార్ట్ మీద పడ్డ వెలుగు తిరిగి గుడ్డు అడుగుకు తగులుతుంది కాబట్టి, బాగా ముదురు చోటు అంచున కాదు, కాస్త లోపలికి ఉంటుంది.

తర్వాత కెమెరా: ట్రైపాడ్, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, లెన్స్ రంధ్రం ఎఫ్/8. కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ తెలుపును బూడిద రంగుగా మార్చేస్తుంది, అందుకే ఎక్స్‌పోజర్‌ను 1 నుంచి 1.5 స్టాప్ (ఒక స్టాప్ పెంచితే వెలుగు రెట్టింపు) పెంచండి. హిస్టోగ్రామ్ (ఫొటోలో నలుపు నుంచి తెలుపు దాకా ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) కుడి గోడకు ఆనుకుంటే తగ్గించండి. బొమ్మలో గీసిన అడుగు వెలుగు ఫొటోలో లేకపోతే, నీడ వైపు ఒక థర్మోకోల్ ముక్క నిలబెట్టండి.

అసలు పని సైనోటైప్‌లో, అంటే ఎండతో నీలి ముద్ర తీసే పద్ధతిలో, ఉంది. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన ఈ పద్ధతిలో బ్రష్షూ, ఎండా, నెగెటివూ (తెలుపు నలుపులు తారుమారైన ఫొటో) ఒకే కాగితం మీద కలుస్తాయి. 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 25 గ్రా. ఆకుపచ్చ రకం ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, వేరే 100 మి.లీ.లో 10 గ్రా. పొటాషియం ఫెర్రిసైనైడ్ కలిపి, రెండు సీసాల్లో విడిగా ఉంచండి. గ్లోవ్స్ తప్పనిసరి. ఫెర్రిసైనైడ్‌కు గాఢమైన ఆమ్లం తగలనివ్వకండి, విషవాయువు వస్తుంది. చెరో 5 మి.లీ. కలిపితే ఏ5 సైజు వాటర్‌కలర్ పేపర్లు ఐదారింటికి సరిపోతుంది. ఇనుప పట్టీ ఉన్న బ్రష్ వాడితే నీలి చుక్కలు పడతాయి, స్పాంజి బ్రష్ మేలు. మసక పసుపు బల్బు కింద పూసి, చీకట్లో పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉంటే మరకలు ఖాయం.

ఫొటోను నెగెటివ్‌గా మార్చి, ట్రాన్స్‌పరెన్సీ షీట్ మీద ప్రింట్ తీసి, కాగితం మీద పెట్టి, పైన గాజు బిగించండి. మధ్యాహ్నపు ఎండలో 4, 6, 8, 10 నిమిషాలకు ఒక టెస్ట్ స్ట్రిప్ (ఎంత ఎండ చాలో పోల్చి చూసే ముక్క) వేసుకోండి. నెగెటివ్ పక్కన ఖాళీగా ఉన్న భాగం కంచు ఛాయతో బూడిదగా మారితే సరిపోయినట్టే. పసుపు పోయేదాకా పది నిమిషాలు కడగాలి. బోరు నీళ్లలోని క్షారం నీలాన్ని పాలిపోయేలా చేస్తుంది, మొదటి కడుగులో కొంచెం నిమ్మరసం పిండండి. నీలమంతా నీళ్లలో కొట్టుకుపోతే ఎండ చాలలేదన్నమాట. తెలుపే నీలంగా తేలితే, పూసిన కాగితానికి ముందే వెలుగు తగిలి ఉంటుంది.

ఒక రోజు ఆరితే నీలం ముదురుతుంది. అప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి, బొగ్గు మెట్లలో ఏ రెండు మెట్లు నీలి ముద్రలో ఒకటిగా కలిసిపోయాయో గుర్తించండి. ఫొటో ఎడిటర్‌లోని కర్వ్స్‌తో (వెలుగు నీడల స్థాయులు సర్దే సాధనం) ఆ భాగాన్నే విడదీసి కొత్త నెగెటివ్ తీయండి.