రష్యా నగరాల ప్రింట్లను చదవడం ఎలా?

రష్యా నగరాల పాత ప్రింట్లు (పలక మీద చెక్కి కాగితం మీద అచ్చు వేసిన బొమ్మలు) చూడగానే ఊరి అందాన్ని చూపించే బొమ్మల్లాగే ఉంటాయి. నిజానికి వాటిలో ‘మనం ఎవరం?’ అన్న ప్రశ్నకు ఏదో ఒక జవాబు ఉంటుంది. దాన్ని ఇలా వెతికి పట్టుకోండి.

1. ముందు శిఖరాల కొసలు చూడండి

సన్నటి శిఖరం మీద దేవదూత ఉంటే అది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని పీటర్ అండ్ పాల్ కోట చర్చి. కొసన ఓడ ఉంటే అడ్మిరాల్టీ, అంటే నౌకాదళ భవనం. 1703లో పీటర్ చక్రవర్తి ఈ నగరానికి పునాది వేసిందే సముద్రం కోసం, ఐరోపాతో రాకపోకల కోసం. ఉల్లిపాయ ఆకారపు గుమ్మటాలైతే మాస్కో గుర్తుకొస్తుంది. పాత రాజధాని, ఆర్థడాక్స్ క్రైస్తవం, జార్ల (రష్యా చక్రవర్తుల) పట్టాభిషేకాలు అన్నీ అక్కడే.

కానీ గుమ్మటాలు కనిపించగానే మాస్కో అని తేల్చేయకండి. 1881లో జార్ రెండో అలెగ్జాండర్ మీద బాంబు దాడి జరిగిన చోట, పీటర్స్‌బర్గ్ నడిబొడ్డునే, పాత రష్యా పద్ధతిలో ఒక చర్చి కట్టారు. ఐరోపా తీరు భవనాల మధ్య కావాలనే అలా కట్టారు. బొమ్మలో అది కనిపిస్తే, ‘మన మూలాలు ఇవి’ అన్న వాదన కూడా అందులో ఉన్నట్టే.

2. కాలం పట్టుకోండి

మాస్కో కోట క్రెమ్లిన్ బురుజుల మీద రెండు తలల గద్దలుంటే 1935కు ముందు దృశ్యం, నక్షత్రాలుంటే ఆ తర్వాతది. పీటర్స్‌బర్గ్ పేరు పెట్రోగ్రాద్ అని ఉంటే 1914-24 మధ్యది.

3. ముందు భాగంలో ఏం పెట్టారో చూడండి

నాకు అన్నింటికన్నా ముఖ్యం ఇదే. పీటర్ కాలపు కళాకారుడు అలెక్సీ జూబోవ్ 1716లో చెక్కిన పీటర్స్‌బర్గ్ దృశ్యంలో నీవా నది మీద ఓడలే ఓడలు. భవనాలు వెనక సన్నటి గీతలా ఉంటాయి. ఊరు ఇంకా కడుతూనే ఉన్నారు, అయినా ఆ బొమ్మలో అది అప్పటికే సముద్ర రాజధాని!

రష్యా కళాకారిణి అన్నా ఆస్ట్రౌమోవా-లెబెదెవా తీరు వేరు. 1908లో ఆమె చెక్కిన ప్రింటులో స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనం స్తంభాలు కాగితం నిండా నిలబడతాయి, వాటి మధ్య నుంచి దూరంగా కోట కనిపిస్తుంది. ఊరి గొప్పతనం ఆమెకు ఓడల్లో కాదు, రాతి కట్టడాల నిండుతనంలో కనిపించింది.

4. చెక్కిన పద్ధతి గమనించండి

ఆస్ట్రౌమోవా-లెబెదెవా రంగుల ప్రింట్లలో ఒక్కో రంగుకు ఒక్కో చెక్క దిమ్మె. తనే చెక్కి, తనే అచ్చు వేసేవారు. జపాన్ ప్రింట్ల ప్రభావం ఆమె మీద బాగా ఉంది. మంచు దృశ్యాల్లో తెల్లరంగు కోసం వెతకండి: చాలా చోట్ల అది రంగు కాదు, అచ్చు పడని కాగితమే. చిన్న చిన్న వివరాలు వదిలేసి, ఊరి ఆకారాన్ని మాత్రం మిగల్చడం ఆమె బలం.

5. రెండింటిని పక్కపక్కన పెట్టండి

ఒకే నగరం, రెండు కాలాలు తీసుకోండి. జూబోవ్, ఆస్ట్రౌమోవా-లెబెదెవాల బొమ్మలతో మొదలుపెడితే బాగుంటుంది. నీళ్లకు ఎంత చోటిచ్చారు, భవనాలకు ఎంత, మనుషులు అసలున్నారా అని ఒక కాగితం మీద రాసుకోండి. ఆ తర్వాతే ప్రింటు కింద ఉన్న వివరణ చదవండి.