ఒప్పందానికి తగని సరకు చేరితే అమ్మకందారు దాన్ని సరిదిద్దుకోవడం ఎలా?

పంపిన సరకు ఒప్పందంలో రాసుకున్నట్టు లేదని కొనుగోలుదారు తిరస్కరించినా లావాదేవీ అక్కడితో ముగిసినట్టు కాదు. లోపాన్ని సరిదిద్దుకునే హక్కు చాలా సందర్భాల్లో అమ్మకందారుకు ఉంటుంది.

మొదట ఒప్పందపత్రం తీసి, ఏ చట్టం వర్తిస్తుందో, సరకు చేర్చవలసిన గడువు ఎప్పటిదో చూడండి. అమ్మకందారు, కొనుగోలుదారుల దేశాలు రెండూ అంతర్జాతీయ సరకుల అమ్మకాలకు సంబంధించిన 1980 నాటి వియన్నా ఒడంబడికలో చేరి ఉండి, ఒప్పందంలో దాన్ని మినహాయించకపోతే సాధారణంగా అదే వర్తిస్తుంది. అది వర్తించని అమ్మకాలకు అమెరికాలో దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ యూనిఫాం కమర్షియల్ కోడ్ (రాష్ట్రాలు స్వీకరించిన ఉమ్మడి వాణిజ్య చట్టం) 2-508 సెక్షన్ చూడాలి.

గడువు మిగిలి ఉంటే పని తేలిక. జూన్ 30 లోగా 200 పంపులు చేర్చవలసి ఉండగా 20వ తేదీన 180 మాత్రమే చేరాయనుకుందాం. మిగిలిన 20 పంపులను నెలాఖరులోగా పంపవచ్చు. అయితే అందువల్ల కొనుగోలుదారుకు అనుచితమైన ఇబ్బందిగానీ ఖర్చుగానీ కలగకూడదని ఒడంబడిక 37వ అధికరణం అంటుంది. సరిదిద్దే ఉద్దేశాన్ని సకాలంలో తెలియజేయాలని అమెరికా కోడ్ అంటుంది.

అసలు చిక్కు గడువు దాటాకే. పంపిన సరకును కొనుగోలుదారు అంగీకరిస్తాడని నమ్మడానికి తగిన కారణం ఉంటేనే అమెరికా కోడ్ అదనపు సమయం ఇస్తుంది; అడిగిన మోడల్‌కు బదులు అదే ధరకు మెరుగైన కొత్త మోడల్ పంపడం అలాంటిదే. ఒడంబడిక 48వ అధికరణం ప్రకారమైతే సొంత ఖర్చుతో, అనుచిత జాప్యం లేకుండా సరిదిద్దవచ్చు, కానీ కొనుగోలుదారు అప్పటికే చట్టబద్ధంగా ఒప్పందాన్ని రద్దు చేసుకుని ఉంటే ఆ దారి మూసుకుపోతుంది.

అందుకే నోటీసు ఆలస్యం చేయకూడదు. అందులో తేదీ స్పష్టంగా ఉండాలి: ‘లోపమున్న 12 పంపుల స్థానంలో కొత్తవి జూలై 12 లోగా మా ఖర్చుతో చేరుస్తాము, మీకు సమ్మతమో కాదో తెలియజేయగలరు.’ సమంజసమైన సమయంలోగా జవాబు రాకపోతే, 48వ అధికరణం కింద అమ్మకందారు చెప్పిన తేదీలోగా పని పూర్తి చేయవచ్చు, ఆలోగా కొనుగోలుదారు రద్దు వంటి విరుద్ధ చర్యకు దిగలేడు. ఇతర నోటీసులు దారిలో తప్పిపోయినా సాధారణంగా పంపినవారికి నష్టం లేదు గానీ, ఈ నోటీసు మాత్రం అవతలివారికి అందితేనే చెల్లుతుంది. కాబట్టి అందినట్టు రసీదు తప్పకుండా తీసుకోండి.

సరిదిద్దాక కూడా ఒడంబడిక కింద నష్టపరిహారం అడిగే హక్కు కొనుగోలుదారుకు మిగిలే ఉంటుంది. పంపులు విప్పి బిగించిన కూలి, మధ్యలో అద్దెకు తెచ్చుకున్న యంత్రం వంటి ఖర్చులు ఎవరు, ఎప్పటిలోగా చెల్లించాలో ఆ నోటీసుతోపాటే రాతపూర్వకంగా తేల్చుకోవడం మేలు.