రష్యా బాంబర్లు అలాస్కా దాకా వచ్చాయన్న వార్తని ఎలా చదవాలి

2024 జూలై చివర్లో ఓ రాత్రి పదకొండు దాటాక కాకినాడ నుంచి అమ్మ ఫోన్ చేసింది. “ఒరేయ్, రష్యా విమానాలూ చైనా విమానాలూ కలిసి అమెరికా మీదికి వచ్చేశాయంట, టీవీలో అదే పనిగా చూపిస్తున్నారు, అక్కావాళ్ళు ఉండేది ఆ పక్కేగా?” అంది. అక్క ఉండేది సియాటిల్‌లో. అలాస్కాలోని యాంకరేజ్ నుంచి సియాటిల్‌కి రెండు వేల కిలోమీటర్ల పైనే. ఆ విమానాలు అలాస్కాలోకి కూడా రాలేదు. కానీ స్క్రీన్ నిండా ఎర్ర అక్షరాలు, వెనకాల సైరన్ మోత పెట్టి చూపిస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది, అందులో అమ్మ తప్పేం లేదు. రష్యా సైన్యం దూకుడు గురించి నేను చాలా ఏళ్ళుగా చదువుతున్నాను. అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు మన దగ్గర వీధికి నాలుగున్నాయి కాబట్టి, ఇలాంటి వార్త వచ్చినప్పుడు నేను ఏమేం చూస్తానో ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు, విమానం సరిగ్గా ఎక్కడుందో చూడండి. ఏ దేశానికైనా తీరం నుంచి 12 నాటికల్ మైళ్ళ దాకా, అంటే 22 కిలోమీటర్ల దాకా ఉండే ఆకాశం మాత్రమే సొంతం. దాని అవతల కొన్ని దేశాలు ‘ఎయిర్ డిఫెన్స్ ఐడెంటిఫికేషన్ జోన్’ అని ఇంకో గీత గీసుకుంటాయి. మన వైపు వచ్చేదెవరో ముందే తెలుసుకోడానికి గీసుకున్న గీత అది. అలాస్కా చుట్టూ అది వందల కిలోమీటర్ల దాకా సముద్రం మీదికి పోతుంది, అదంతా అంతర్జాతీయ గగనతలమే, అందులో ఎవరైనా ఎగరొచ్చు. పెరటి గోడ దూకడం వేరు, వీధిలో మన గేటు ముందు నించి నడిచిపోవడం వేరు కదా. టీవీలో మాత్రం రెండిటికీ ‘చొరబాటు’ అనే మాటే వాడతారు. అందుకని అమెరికా, కెనడా కలిసి నడిపే నోరాడ్ అనే గగనతల రక్షణ కమాండ్ ఇచ్చే ప్రకటన వెతకండి. నాలుగైదు వాక్యాలే ఉంటాయి. అందులో ‘అమెరికా, కెనడా గగనతలంలోకి ప్రవేశించలేదు’ అన్న వాక్యం ఉందా లేదా అన్నదే మీకు కావలసింది. ఆ జూలై 24న ఉంది. రెండు రష్యా టీయూ-95 బాంబర్లు, రెండు చైనా హెచ్-6 బాంబర్లు అంతర్జాతీయ గగనతలంలోనే ఉన్నాయని, ముప్పుగా చూడటం లేదని రాశారు. వాటిని అడ్డగించడానికి అమెరికా యుద్ధ విమానాలతో పాటు కెనడావి కూడా వెళ్ళాయి. అయితే ఆ వార్తలో కొత్త సంగతి ఒకటి నిజంగానే ఉంది: రష్యా, చైనా బాంబర్లు కలిసి అక్కడ కనిపించడం అదే మొదటిసారి. వచ్చాయి అన్నదానికంటే కలిసి వచ్చాయి అన్నదే పెద్ద సంగతి, దాన్ని టీవీవాళ్ళు ఒక్క ముక్కలో తేల్చేశారు.

తర్వాత, ఆ విమానం మోసే ఆయుధం ఎంత దూరం పోతుందో చూడండి. టీయూ-95 మొదటిసారి ఎగిరింది 1952లో. నాలుగు పెద్ద ప్రొపెల్లర్ ఇంజన్లతో చెవులు పగిలే మోత చేస్తూ పోతుంది. కానీ అది మోసే కేహెచ్-101 రకం క్రూయిజ్ క్షిపణులు రెండు వేల కిలోమీటర్లు దాటి పోగలవు. అంటే నిజంగా కొట్టాలనుకున్నవాడు అలాస్కా తీరం పక్కదాకా వచ్చి రాడార్‌కి చిక్కాల్సిన పనే లేదు, రష్యా ఆకాశంలోంచే వదలొచ్చు. దగ్గరికి రావడం ఓ కబురు పంపడం లాంటిది. ఈ కబుర్లు పంపడం రష్యా 1992లో ఆపేసింది, డబ్బుల్లేక. 2007 ఆగస్టు 17న పుతిన్ మళ్ళీ మొదలుపెట్టించాడు. అంతకు ఆరు నెలల ముందే, ఫిబ్రవరిలో, మ్యూనిక్ భద్రతా సదస్సులో ప్రపంచాన్ని ఒక్క దేశమే నడపడం కుదరదని అమెరికాని నిలదీశాడు. ఆ మరుసటేడు జార్జియాతో ఐదు రోజుల యుద్ధం, 2014లో ఉక్రెయిన్ నుంచి క్రిమియాని లాక్కోవడం, 2015లో సిరియా యుద్ధంలోకి దిగడం, 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద పూర్తి స్థాయి దాడి. ఈ వరస తెలిసుంటే ఏ వార్తనైనా దాని చోట పెట్టి చూడొచ్చు.

ఇక్కడ ఎక్కువసేపు ఆగండి: విమానం ఎలా ఎగిరింది? 2024 సెప్టెంబర్‌లో అలాస్కా దగ్గర ఓ రష్యా ఎస్‌యూ-35 యుద్ధ విమానం అమెరికా ఎఫ్-16 యుద్ధ విమానం ముక్కు ముందు నించి దూసుకుపోయింది, ఆ వీడియోని నోరాడే విడుదల చేసింది. ఎఫ్-16 పైలట్ ఒక్కసారిగా పక్కకి తిప్పుకోవాల్సి వచ్చింది. 2023 మార్చి 14న నల్ల సముద్రం మీద రెండు ఎస్‌యూ-27లు అమెరికా రీపర్ డ్రోన్ మీద ఇంధనం గుమ్మరించాయి, ఒకటి దాని ప్రొపెల్లర్‌కి తగిలి ఆ డ్రోన్ సముద్రంలో పడింది. అందులో మనిషి లేడు కాబట్టి సరిపోయింది. నాకు భయం వేసేది ఇలాంటి వార్తలు చదివినప్పుడే. యుద్ధం మొదలుపెట్టే ఉద్దేశం ఎవరికీ లేకపోయినా ఓ పాతికేళ్ళ పైలట్ చేతి తొందరపాటుతో ఇద్దరు మనుషులు చచ్చిపోతే, ఆ తర్వాతి గంటలో ఫోన్ ఎవరు ఎత్తుతారు, ఎవరు ఎత్తరు అన్నదాని మీదే అంతా ఆధారపడుతుంది.

ఇది ఊహించడం కష్టంగా ఉంటే వైజాగ్ ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర సబ్‌మెరైన్ గుర్తు తెచ్చుకోండి. మనలో చాలామంది టికెట్ కొనుక్కుని లోపలికెళ్ళినవాళ్ళమే. ఒకళ్ళ వెనక ఒకళ్ళం ఒదిగి నడవాలి, తల వంచి గుండ్రటి తలుపుల్లోంచి కాలు పెట్టి దాటాలి, ముందు గదిలో టార్పెడో గొట్టాలు కనిపిస్తాయి. అది సోవియట్ యూనియన్లో కట్టిన ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి. 1962 అక్టోబర్‌లో, క్యూబాలో సోవియట్లు పెట్టిన అణు క్షిపణుల మీద అమెరికాతో సంక్షోభం నడుస్తున్నప్పుడు సోవియట్లు అటు పంపింది కూడా ఆ తరగతివే. అందులో ఒకటైన బీ-59ని పైకి రప్పించడానికి అమెరికా నౌకలు చిన్న పేలుడు గుళ్ళు వదిలాయి. లోపల భరించలేని వేడి, గాలి చాలడం లేదు, మాస్కోతో సంబంధం తెగిపోయింది, ఓ అణు టార్పెడో ఉంది. కెప్టెన్ దాన్ని సిద్ధం చేయమన్నాడని, పక్కనున్న అధికారి వాసిలీ అర్ఖిపోవ్ సర్దిచెప్పి ఆపాడని ఆ సిబ్బందిలో ఒకాయన చాలా ఏళ్ళ తర్వాత చెప్పాడు. కురుసురలో ఆ ఇరుకులో నిలబడి చూసినవాళ్ళకి ఆ మాట ఊరికే వినిపించదు.

సబ్‌మెరైన్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకోటి. 2024 జూన్ 12న అణుశక్తితో నడిచే రష్యా జలాంతర్గామి కజాన్ క్యూబా రాజధాని హవానా రేవులోకి వచ్చింది, ఫ్లోరిడా కొసకి అక్కణ్ణించి దాదాపు 170 కిలోమీటర్లే. ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. కానీ జలాంతర్గామి పనే కనిపించకుండా ఉండటం. జెండా ఎగరేసుకుని రేవులోకి వచ్చిందంటే ఫొటో కోసం వచ్చినట్టే. అమెరికా నిజంగా దేనికి కంగారు పడుతోందో తెలియాలంటే వాళ్ళు డబ్బూ మనుషుల్నీ ఎటు మళ్ళిస్తున్నారో చూడండి. ఖర్చు తగ్గించడానికని 2011లో మూసేసిన రెండో నౌకాదళాన్ని, అదే సెకండ్ ఫ్లీట్‌ని, 2018లో మళ్ళీ తెరిచారు. అట్లాంటిక్‌లో రష్యా సబ్‌మెరైన్ల తిరుగుడు పెరగడమే దానికి పెద్ద కారణం.

సైనిక విన్యాసాల వార్తలకి లెక్కలు చూసే పద్ధతి వేరు. ఐరోపాలో వియన్నా డాక్యుమెంట్ అని ఓ ఏర్పాటుంది, 13 వేల మంది సైనికులు దాటిన విన్యాసాలకి మిగతా దేశాల పరిశీలకుల్ని పిలవాలి. 2017లో బెలారుస్‌తో కలిసి చేసిన జాపద్ విన్యాసాలకి రష్యా చెప్పిన సంఖ్య 12,700. ఆ సంఖ్య చూడగానే మీకు అర్థమైపోవాలి. అలాగే ట్యాంకుల ఫొటోల కంటే వెనకాల ఏం పోగవుతోందో చూడండి: ఇంధనం, వంతెనల సామాను, ఫీల్డ్ ఆసుపత్రులు. 2022 జనవరి చివర్లో రష్యా ఉక్రెయిన్ సరిహద్దుకి రక్తం నిల్వలు కూడా తరలిస్తోందని అమెరికా అధికారులు చెప్పారు. ఉత్తుత్తి విన్యాసాలకి రక్తం అక్కర్లేదు. ఫిబ్రవరి 15న కొన్ని దళాల్ని వెనక్కి పంపుతున్నామని రష్యా రక్షణ శాఖ ప్రకటించింది, సరిగ్గా అదే రోజు కీవ్‌లోని మన రాయబార కార్యాలయం, ఉండి తీరాల్సిన అవసరం లేని విద్యార్థులు కొన్నాళ్ళు బయటికెళ్ళడం మంచిదని సలహా ఇచ్చింది. మెడిసిన్ చదువుతున్న మన పిల్లలు చాలామంది క్లాసులు పోతాయని ఆగిపోయారు, తొమ్మిది రోజుల తర్వాత మెట్రో స్టేషన్లలో, బంకర్లలో తలదాచుకున్నారు. ప్రకటన కంటే సామాను కదలికని నమ్మాలని అప్పుడు మన ఊళ్ళలో ఎంతోమంది తల్లిదండ్రులకి తెలిసొచ్చింది.

ఇక అమెరికా భద్రత అంటే అలాస్కా, ఫ్లోరిడా మాత్రమే అనుకోకండి. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. అమెరికా, ఐరోపా దేశాల సైనిక కూటమి నాటోలో ఒకరి మీద దాడి అందరి మీదా దాడిగా చూడాలనేది ఆర్టికల్ 5. 2023లో ఫిన్లాండ్ చేరాక రష్యాతో నాటో భూసరిహద్దు రెట్టింపుకి పైగా పెరిగింది, ఫిన్లాండ్ ఒక్కదానికే 1,300 కిలోమీటర్ల పైన ఉంది. 2025 సెప్టెంబర్ 19న మూడు రష్యా మిగ్-31 యుద్ధ విమానాలు నాటో సభ్యదేశమైన ఎస్తోనియా గగనతలంలోకి వచ్చి పన్నెండు నిమిషాలున్నాయి. అంతకు పది రోజుల ముందు దాదాపు ఇరవై డ్రోన్లు ఇంకో నాటో దేశం పోలండ్‌లోకి వచ్చాయి, నాటో విమానాలు కొన్నిటిని కూల్చాయి. ఇవి గేటు ముందు నడవడం కాదు, గోడ దూకడమే. ఎస్తోనియా జనాభా పద్నాలుగు లక్షలు కూడా ఉండదు, అయినా అక్కడ పన్నెండు నిమిషాలు అలాస్కా పక్కన పన్నెండు గంటల కంటే అమెరికాకి ముఖ్యం. రష్యా అక్కడ పరీక్షిస్తున్నది ఎస్తోనియాని కాదు, అమెరికా తన మాట మీద నిలబడుతుందా లేదా అన్నదాన్ని.

అణ్వాయుధాల వార్తల్లో పేర్లకి బెదిరిపోకండి. సర్మత్, అవంగార్డ్, పోసైడాన్, బురెవెస్త్నిక్ లాంటి కొత్త ఆయుధాల్ని పుతిన్ 2018 మార్చి 1న వీడియోలతో సహా ప్రకటించాడు. కానీ అవి లేకపోయినా అమెరికాని నాశనం చేసే శక్తి రష్యాకి, రష్యాని నాశనం చేసే శక్తి అమెరికాకి దశాబ్దాల కిందటే ఉంది. ప్రపంచంలోని అణ్వాయుధాల్లో దాదాపు 90 శాతం ఈ ఇద్దరి దగ్గరే ఉన్నాయి. మీరు వెతకాల్సింది తనిఖీల గురించిన వార్త, అది ఎప్పుడూ లోపలి పేజీలోనే ఉంటుంది. 2010లో సంతకం చేసిన న్యూ స్టార్ట్ ఒప్పందం ప్రకారం మోహరించిన వార్‌హెడ్లు, అంటే క్షిపణులు మోసే అణు బాంబులు, ఒక్కొక్కరికి 1,550 దాటకూడదని ఉండేది, ఏడాదికి 18 సార్లు దాకా ఒకరి స్థావరాలకి ఇంకొకరు వెళ్ళి చూసే వీలుండేది. వెళ్ళినవాళ్ళు ఓ క్షిపణిని ఎంచుకుంటే దాని ముందు భాగం తెరిచి, ముసుగులు కప్పి ఉంచిన వార్‌హెడ్లని లెక్కపెట్టుకోనిచ్చేవాళ్ళు. ఎదుటివాడి ఇంట్లోకి వెళ్ళి ఒకటి, రెండు, మూడు అని వేలు పెట్టి లెక్కపెట్టుకోవడమన్నమాట. 2020 మార్చిలో కోవిడ్ వల్ల తనిఖీలు ఆగాయి, మళ్ళీ మొదలవలేదు. 2023 ఫిబ్రవరి 21న రష్యా ఒప్పందంలో తన పాత్రని నిలిపేస్తున్నట్టు ప్రకటించింది. ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరి 5తో ముగిసింది, రెండోసారి పొడిగించే వెసులుబాటు అందులోనే లేదు. లెక్క తెలియనప్పుడు ప్రతివాడూ ఎదుటివాడి దగ్గర ఎక్కువే ఉందనుకుంటాడు, అనుకుని తనూ పెంచుతాడు. బాంబర్ల వార్తకి వంద గొంతులు లేస్తాయి, దీనికి ఒక్కటీ లేవలేదు, నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే.

ఎవరు మాట్లాడారో కూడా చూసుకోండి. రష్యా మాజీ అధ్యక్షుడు మెద్వెదేవ్ సోషల్ మీడియాలో అణు బెదిరింపు రాస్తే అది ఒక రకం, 2024 నవంబర్ 19న పుతిన్ సంతకం పెట్టిన కొత్త అణు విధాన పత్రం ఇంకో రకం. అయితే మెద్వెదేవ్ మాటలకే 2025 ఆగస్టు 1న ట్రంప్ రెండు అణు జలాంతర్గాముల్ని తరలించమని ఆదేశించానన్నాడు, కాబట్టి వట్టి మాటల్ని కూడా పూర్తిగా తీసిపారేయలేం.

మనవాళ్ళకి ఒక్క మాట విడిగా చెప్పాలి. రష్యా అంటే తెలుగువాళ్ళలో చాలామందికి ఓ మమకారం ఉంది. విశాలాంధ్ర దుకాణంలో చవగ్గా దొరికిన సోవియట్ పిల్లల పుస్తకాల నున్నటి కాగితం వాసన నాకింకా గుర్తుంది. పిల్లల్ని పంపింది అమెరికాకి. ఈ రెండు ఇష్టాల మధ్య కూర్చుని వార్త చదువుతాం కాబట్టి, చదివేముందు మనం ఎటు మొగ్గి ఉన్నామో ఒకసారి చూసుకోవాలి. రష్యా రక్షణ శాఖ ప్రకటన, నోరాడ్ ప్రకటన రెండూ పక్కపక్కన పెట్టుకుని, ఇద్దరూ ఒప్పుకున్న సంగతులు ఏవో ముందు గీత గీసుకోండి. మిగతాది తర్వాత.

అమ్మకి ఇదంతా చెప్పలేదు. “విమానం అమెరికా లోపలికి వచ్చిందా, బయటే ఉందా అది ఒక్కటి చూడమ్మా, బయటుంటే పడుకో. ఎస్తోనియా, పోలండ్ అని పేర్లు వినిపిస్తే మాత్రం నాకు ఫోన్ చెయ్యి” అన్నాను. 2025 సెప్టెంబర్‌లో చేసింది. “ఒరేయ్, నువ్వు చెప్పిన ఊరి పేరే చెప్తున్నారు, ఈసారి లోపలికే వచ్చాయంట” అంది. ఆ రాత్రి నేనూ లేచి కూర్చుని చదివాను.