పాత పెట్రోలు పికప్ యాక్సిలరేటర్ తొక్కగానే తడబడుతుంటే: లక్షణం, కారణం, పరిష్కారం

ఒకప్పుడు కొబ్బరి, ధాన్యం మోయడానికి కొని, ఇప్పుడు ముచ్చటకొద్దీ ఉంచుకొన్న పాత పెట్రోలు పికప్‌లు డెల్టా ఊళ్లలో అక్కడక్కడా ఇంకా కనిపిస్తాయి. వాటిలో సుమారు 2.2 లీటర్ల (134 ఘనపు అంగుళాల) నాలుగు సిలిండర్ల హరికేన్ ఇంజను గల మహీంద్రా ఎఫ్‌సి 150 వంటి బండ్లను దృష్టిలో ఉంచుకొని ఈ సూచనలు రాస్తున్నాను. ఒకే గొంతు కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపే భాగం) గల ఇతర పాత బండ్లకు కూడా కొలతలు, ఇన్‌టేక్ గొట్టం అమరిక మినహా మిగిలినదంతా వర్తిస్తుంది.

లక్షణం ఏది?

మెకానిక్ షెడ్డులో అందరూ చెప్పే మాట "పికప్ లేదు" (బండి వేగం అందుకోవడం లేదు) అన్నదే. ఆ మాట వెనుక మూడు వేర్వేరు లక్షణాలు ఉండవచ్చు కాబట్టి, స్పానర్ పట్టే ముందే వాటిని విడదీసి చూడాలి. యాక్సిలరేటర్ తొక్కిన క్షణంలో ఇంజను నీరసించి, ఒక్కోసారి కార్బురేటర్ గొంతులో టప్‌మని పేలి, ఆ వెంటనే అందుకొంటే అది అసలైన తడబాటు. తొక్కినప్పుడు బాగానే అందుకొని, బరువుతో ఏటిగట్టు మీదికి ఎక్కేటప్పుడు సగంలో చచ్చుబడితే పెట్రోలు సరిగా అందడం లేదని అనుమానించాలి. ఏ వేగంలోనైనా వరుస లేకుండా మిస్సింగ్ వస్తుంటే చాలావరకు తప్పు ఇగ్నిషన్‌లోనే (నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటులోనే) ఉంటుంది.

ముందు ఇగ్నిషన్

కార్బురేటర్ స్క్రూలను తిప్పడంతో పని మొదలుపెట్టే అలవాటు మన దగ్గర ఎక్కువ. నా అభిప్రాయంలో అది చివర చేయవలసిన పని. ఈ ఇంజనుకు డిస్ట్రిబ్యూటర్‌లో తెరుచుకొని మూసుకొనే పాయింట్ల సందు 0.020 అంగుళం, ప్లగ్గుల సందు 0.030 అంగుళం, టైమింగ్ (నిప్పురవ్వ పడే సమయం) పిస్టన్ పైకొసకు చేరడానికి 5 డిగ్రీల ముందు ఉండాలి. ఆ తరువాత ప్లగ్గులకు కరెంటు పంచే ఆ డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపలి రోటర్‌ను అది తిరిగే దిక్కుకు చేత్తో కొద్దిగా తిప్పి వదలాలి. అది స్ప్రింగు బలంతో చటుక్కున వెనక్కి రాకపోతే, లోపలి బరువులు జిడ్డుకో తుప్పుకో పట్టేసి ఉన్నాయని అర్థం. అప్పుడు వేగం పెరిగినా టైమింగ్ ముందుకు జరగదు, ఆ లోపం కార్బురేటర్ లోపంలాగే కనిపించి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. నరసాపురం, అంతర్వేది వంటి ఉప్పుగాలి తగిలే చోట్ల కాయిల్ టెర్మినళ్ల మీది చిలుమును కూడా గీకి శుభ్రం చేయాలి.

యాక్సిలరేటర్ పంప్

తొక్కిన క్షణంలో వచ్చే తడబాటుకు మూలం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. బటర్‌ఫ్లై (కార్బురేటర్ గొంతులో గాలి దారిని తెరిచి మూసే రేకు) హఠాత్తుగా తెరుచుకొన్నప్పుడు గాలి వెంటనే లోపలికి దూసుకుపోతుంది గానీ, దానికన్నా బరువైన పెట్రోలు జెట్టులోంచి (పెట్రోలును కొలిచి వదిలే సన్నని రంధ్రంలోంచి) లేచి రావడానికి కొంత వ్యవధి పడుతుంది. పైగా లోపలి వాక్యూమ్ పడిపోవడంతో ఆవిరిగా ఉన్న పెట్రోలులో కొంత గొట్టం గోడలకు తడిగా అంటుకొంటుంది. ఆ లోటు పూడ్చడానికే ఈ చిన్న పంప్ ఒక చిమ్ము పెట్రోలును గొంతులోకి వదులుతుంది.

పరీక్ష సులభం. ఇంజను ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, టార్చిలైటు వెలుగులో గొంతులోకి చూస్తూ, బటర్‌ఫ్లైను తిప్పే త్రాటిల్ లివర్‌ను చురుగ్గా లాగాలి. లివర్ కదిలిన క్షణంలోనే సన్నని, గట్టి ధార కనిపించాలి. చుక్కలుగా కారినా, లివర్ కొంత దూరం వెళ్లిన తరువాత మొదలైనా పంప్ పని చేయడం లేదన్నమాట. ధార అసలు లేకపోతే చిమ్ము రంధ్రాన్ని, దాని చెక్ బాల్‌ను కార్బురేటర్ క్లీనర్‌తోనూ కంప్రెసర్ గాలితోనూ శుభ్రం చేయాలి. ఇనుప తీగ దూర్చితే రంధ్రం పెద్దదైపోతుంది. ధార ఆలస్యమైతే లింకు పిన్నుల అరుగుదలను, బలహీనమైతే డయాఫ్రమ్‌ను (పంప్‌లోని రబ్బరు పొరను) చూడాలి. డయాఫ్రమ్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి వంచితే, గట్టిపడిన రబ్బరు మడత దగ్గర సన్నని పగుళ్లు కనిపిస్తాయి.

కొత్త రిపేర్ కిట్ కొనేటప్పుడు అది ఇథనాల్‌కు తట్టుకొనే రబ్బరేనా అని అడిగి తీసుకోవాలి. 2023 నుంచి మన బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు రావడం మొదలైంది. ఏళ్ల తరబడి షాపు అరలో పడి ఉన్న పాత కిట్ల రబ్బరు దానికి ఉబ్బిపోవడమో పెళుసెక్కడమో జరుగుతుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉండడం వల్ల, బరువులో ఒక వంతు ఉత్త పెట్రోలుకు 14.7 వంతుల గాలి సరిపోయే చోట ఈ మిశ్రమానికి సుమారు 13.5 వంతులే సరిపోతాయి. అంటే పాత జెట్టుతో గాలి ఎక్కువై మిశ్రమం పలచబడి, తడబాటు మరింత పెరుగుతుంది. పంప్ సరిగా పనిచేస్తున్నదని తేలిన తరువాత మాత్రమే మెయిన్ జెట్‌ను ఒక్క మెట్టు పెంచి చూడవచ్చు.

నీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వానాకాలమంతా సగం ట్యాంకుతో షెడ్డులో నిలిచిన బండిలో తేమ చేరుతుంది, ఇథనాల్ దాన్ని పీల్చుకొని, మోతాదు మించాక పెట్రోలు నుంచి విడిపోయి నీటితో కలిసి అడుక్కు దిగుతుంది. ఫ్లోట్ చాంబర్‌లోని (కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నెలోని) పెట్రోలును గాజు సీసాలో పట్టి కాసేపు కదపకుండా ఉంచితే, అడుగున వేరే పొర తేలిగ్గా కనబడుతుంది. అలా కనబడితే చాంబర్ ఒక్కటే కడిగి లాభం లేదు, ట్యాంకు కూడా దించి కడగాలి.

గాలి లీకు

పంప్ బాగున్నా తడబాటు పోకపోతే, ఇంజను నడుస్తుండగా చోక్‌ను (కార్బురేటర్‌లోకి వచ్చే గాలిని తగ్గించే మూతను) కొద్దిగా మూసి మళ్లీ తొక్కి చూడాలి. తడబాటు తగ్గితే ఎక్కడో అదనపు గాలి చొరబడుతోందని గానీ, పెట్రోలు చాలడం లేదని గానీ నిర్ధారించుకోవచ్చు. ఈ ఇంజనులో ఇన్‌టేక్ గొట్టం సిలిండర్ హెడ్‌లోనే పోతపోసి ఉంటుంది కనుక, విడి మ్యానిఫోల్డు ప్యాకింగ్ గురించి వెతకనక్కరలేదు. కార్బురేటర్ కింది ప్యాకింగ్‌నూ, వాక్యూమ్ వైపర్లు ఉన్న బండి అయితే వాటి రబ్బరు గొట్టాన్నీ చూస్తే చాలు. అనుమానమున్న అతుకు మీద సబ్బునీళ్లు చిలకరించినప్పుడు ఇంజను స్లో (యాక్సిలరేటర్ తొక్కకుండా నడిచే వేగం) మారితే లీకు అక్కడే. వేడి ఇంజను మీద పెట్రోలు చల్లి చూసే పద్ధతి ప్రమాదకరం.

బరువుతో ఎక్కేటప్పుడు చచ్చుబడితే

ముందు ట్యాంకు మూత వదులు చేసి నడపండి. బాగుపడితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట. లేకపోతే పెట్రోలు పంప్ గాజు గిన్నెను, ఫిల్టర్‌ను, చివరకు ఫ్లోట్ మట్టాన్ని వరుసగా చూడాలి.

త్రాటిల్ షాఫ్ట్ అరుగుదల

పైవన్నీ సరిచేసినా స్లో ఒక చోట నిలవకుండా తడబాటు మిగిలితే, బటర్‌ఫ్లై షాఫ్ట్‌ను వేళ్లతో పట్టి పైకీ కిందికీ ఊపాలి. కదలిక చేతికి స్పష్టంగా తెలుస్తుంటే, షాఫ్ట్ పక్కల నుంచి గాలి లోపలికి పోతోంది, దానికి స్క్రూ సర్దుబాటుతో నివారణ లేదు. పనితనం తెలిసిన లేత్ షాపులో రంధ్రాలు రెండూ ఒకే గీతలో ఉండేలా బోరు కొట్టించి, ఇత్తడి బుష్‌లు వేయించాలి. గీత తప్పితే బటర్‌ఫ్లై ఒక అంచున పట్టేస్తుంది కాబట్టి, బుష్‌లు వేసిన తరువాత అది పూర్తిగా మూసుకొంటున్నదో లేదో వెలుతురుకు ఎదురుగా పట్టి చూసి, అప్పుడే స్లో, మిక్చర్ స్క్రూలను సర్దాలి.