ఆటవెలది రాయడం ఎలా?

టెన్త్‌లో గణవిభజన చేసి మార్కులు తెచ్చుకున్నవాళ్లు మనలో చాలామందే ఉంటారు. పరీక్ష అయ్యాక మళ్లీ ఆ జోలికి పోలేదు. కానీ పద్యం విడగొట్టడం కన్నా కట్టడమే సరదా. ‘కందం రాసినవాడే కవి, పందిని పొడిచినవాడే బంటు’ అని సామెత. ఆ రెండూ తర్వాత చూసుకుందాం. ముందు ఆటవెలదితో మొదలుపెట్టండి. దీనికి ప్రాస నియమం (పాదాలన్నిటా రెండో అక్షరం ఒకే హల్లు కావాలనడం) లేదు, పైగా నడక మనకు చిన్నప్పుడే నోటికి వచ్చేసింది.

1. నడక పట్టుకోండి

వేమన పద్యాల మకుటాన్ని చేత్తో తాళం వేస్తూ చదవండి: విశ్వ – దాభి – రామ – వినుర – వేమ. అయిదు దెబ్బలు. ప్రతి దెబ్బకీ మూడు మాత్రలు (లఘువుకి ఒకటి, గురువుకి రెండు). ఇవే సూర్యగణాలు, రెండే రకాలు: గురువు తర్వాత లఘువు (అమ్మ, పాలు), లేదా వరసగా మూడు లఘువులు (పలక, చదువు). రెండో పాదం, నాలుగో పాదం అంతా వీటితోనే.

గురువు ఏదో మర్చిపోయారా? దీర్ఘం, ఐ, ఔ, సున్నా, విసర్గ లేదా పొల్లు ఉన్న అక్షరం, ఒత్తక్షరానికి ముందున్న అక్షరం గురువులు. మిగిలినవి లఘువులు.

2. ఒకటి, మూడు పాదాలు

మూడు సూర్యగణాలు, ఆ తర్వాత రెండు ఇంద్రగణాలు. ఇంద్రగణాలు ఆరు (U గురువు, I లఘువు): నల (IIII), నగ (IIIU), సల (IIUI), భ (UII), ర (UIU), త (UUI). ఒక్కోటి నాలుగైదు మాత్రలు. అందుకే ఈ పాదాల చివర్లో నడక కాస్త సాగుతుంది.

3. పెద్ద విషయం ఎత్తుకోకండి

మొదటి పద్యమే దేశభక్తి మీద, ప్రకృతి మీద రాయబోతే పడికట్టు మాటలే వస్తాయి. ఇంట్లో నిన్న జరిగింది రాయండి. నేను పాలు పొంగించిన సంగతి తీసుకున్నాను.

‘పొద్దున్నే లేచి’ అని మొదలుపెట్టాను. పొ గురువు, ద్దు కూడా గురువే, పక్కన న్నే ఉంది కాబట్టి. రెండు గురువులు పక్కపక్కన పడితే సూర్యగణం కాదు. ‘పొద్దు పొడిచె లేచి’ అన్నాను, మూడు గణాలూ కుదిరాయి.

4. యతి దగ్గర ఆగండి

పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి ఉండాలి, ఇదే యతి. హల్లూ కలవాలి, దాని మీది అచ్చూ కలవాలి. ప, ఫ, బ, భ, వ ఒక జట్టు. అచ్చుల్లో ఉ, ఊ, ఒ, ఓ ఒక జట్టు. (కుదరకపోతే ప్రాసయతి కూడా వేయొచ్చు, అది ఇంకో రోజు.)

నేను ‘స్టవ్వు మీద’ అని రాద్దామనుకున్నాను. పొ-కి స్ట ఎక్కడ కలుస్తుంది? పావుగంట గింజుకున్నాక ‘పొయ్యి’ తట్టింది. గ్యాసుదైనా ఇంట్లో మేం అనేది పొయ్యి అనే! యతి మనల్ని కట్టేస్తుందంటారు గానీ, నాకైతే అది మర్చిపోయిన మాటను వెతికి తెచ్చి ఇచ్చింది.

రెండో పాదంలో ‘ఫోను చూస్తుంటే’ కూడా ఇలాగే బెడిసికొట్టింది: చూ, స్తుం రెండూ గురువులే. ‘చూడబోతె’ అని మార్చాను. తే-ని తె చేయడం మాట్లాడేటప్పుడు మనం చేసేదే. చివరికి తేలింది ఇది:

పొద్దు పొడిచె లేచి పొయ్యిపై పాలుంచి
ఫోను చూడబోతె పొంగిపోయె
అమ్మ చూసి నవ్వి యన్నది మెల్లగా
ఫోను కాచి తాగు పోర నాన్న!

మూడో పాదంలో ‘నవ్వి అన్నది’ కాస్తా ‘యన్నది’ అయింది. అ, య యతికి చెల్లుతాయి కాబట్టి ఇబ్బంది లేదు. ‘పొయ్యిపై’ ర గణం, ‘పాలుంచి’ త గణం. మిగతావి మీరే విడగొట్టి చూడండి.

5. గొంతెత్తి చదవండి

కాగితం మీద గణాలు సరిపోయినా నోట్లో తడబడే పద్యాలుంటాయి. రాగం రాకపోయినా ఫర్వాలేదు, ఎవరికైనా వినిపించండి. వాళ్లు ‘మళ్లీ చదువు’ అన్నచోట అర్థం అందలేదన్నమాట, మాటల వరస మార్చాలి. గణం కోసం ‘గదా’, ‘సుమీ’ లాంటివి ఇరికించి ఉంటే అప్పుడే దొరికిపోతాయి. వాటిని నిర్దాక్షిణ్యంగా తీసేయండి.

6. సమస్య పూరించండి

విషయం తోచని రోజు ఇదే మందు. అవధానాల్లోనూ, ఆకాశవాణిలోనూ వినే ఉంటారు: విడ్డూరంగా ఉన్న ఒక పాదం ఇస్తారు, మిగతా పాదాలు రాసి దానికి అర్థం వచ్చేలా చేయాలి. నాలుగో పాదం నేనిస్తున్నాను, పై మూడూ మీవి:

బస్సు వచ్చె గాని బస్సు రాదు